డబ్బాకు బాట

నేను రాసిన పంపకం కాగితాలు ముప్పయి రెండు. ముప్పయి ఒకటి ఏ కోర్టు గడపా ఎక్కకుండా పెట్టెల అడుగున పడి ఉన్నాయి. ముప్పయి రెండోది కోర్టుకు పోయేటట్టుందని బోధన్ నుంచి కబురు వచ్చింది.

అది ఆత్మారాం, రామ్‌దాస్ అన్నదమ్ముల కాగితం. వాళ్ల బాపు, నేను ఒకే బడిలో ఏడో తరగతి దాకా చదివాం. ఆయన పోయిన ఏడాదికి, రెండువేల తొమ్మిదిలో, కొడుకులు వేరు పడదామనుకుని నన్ను పిలిచారు. ఇల్లు వీధి నుంచి వెనక సందు దాకా పొడుగ్గా ఉంటుంది. నడుమ సుతిలి తాడు పట్టి గీత గీసింది నేనే. ఆ గీత మీద తొమ్మిది అంగుళాల గోడ లేచింది.

వాళ్లది పెళ్లి ఫొటోల పని. పాత గిరాకీలను చెరిసగం పంచాను. కెమెరాలు, లైట్లు, గొడుగులు పంచాను. పంచడానికి రానివి రెండు మిగిలాయి. ఒకటి పెరట్లో బోరు. రెండోది ఫొటోల డబ్బా. డబుల్ రొట్టెంత ఉంటుంది. ఏడేళ్ల పెళ్లిళ్లన్నీ అందులోనే ఉన్నాయన్నారు. ఆత్మారాం వాటాకు వచ్చిన ముందు గదిలో, ఫోను తీగ మీద నెట్టు వచ్చే ఇంకో చిన్న డబ్బా పక్కన అది కూర్చుని ఉంటుంది. ఇంట్లో ఏ మూల కంప్యూటరు తెరిచినా అందులోని ఫొటోలు కనిపిస్తాయి.

'బోరు, ఫొటోల డబ్బా ఉమ్మడి' అని రాశాను. బోరు దగ్గరికి పోవడానికి ఇద్దరికీ మూడడుగుల బాట అని కూడా రాశాను. ఉమ్మడి అని రాసిన ప్రతిదానికీ బాట రాయాలి. అది నాకు పట్వారీ నేర్పిన పని. డబ్బాకు బాట ఎట్లా రాయాలని అడిగితే అన్నదమ్ములిద్దరూ నవ్వారు. అది గాలిలో వస్తుందన్నారు. వాళ్లు ఇద్దరూ కలిసి నవ్వడం ఆ రోజు అదొక్కసారే కాబట్టి నేను మళ్లీ అడగలేదు. బాట రాయలేదు.

గోడ లేచింది, సిమెంటు పూశారు. ఆత్మారాం తన ఇనుప బీరువాను తెచ్చి ఆ గోడకే ఆనించాడు. రామ్‌దాస్ పని చేసుకునే గది ఆ గోడకు ఇవతల, వెనక కొసన ఉంది. గాలి అక్కడిదాకా రాలేదు.

శనివారం పొద్దున బస్సెక్కాను. చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు నడిచిన తీరుకు, దిగి నడిచినా అంతసేపే పట్టేది. రామ్‌దాస్ ఇంటి మెట్టు మీద ఒక పెద్దమనిషి టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. జక్రాన్‌పల్లి లింబయ్య అని చెప్పాడు. ఆయన బిడ్డ పెళ్లి ఆల్బం రామ్‌దాస్ వంతుకు వచ్చింది. ఆయన వచ్చి కూర్చోవడం అది నాలుగో రోజు. వియ్యపురాలు ఆల్బం చూడందే కోడలిని ఉగాదికి పుట్టింటికి పంపనంటున్నదట. ఉగాది పన్నెండు రోజుల్లో ఉంది. లింబయ్య ముఖంలో కోపం ఏమైనా ఉందా అని చూశాను. లేదు. సద్ది తెచ్చుకున్నాడు.

రామ్‌దాస్ నాకు చాయ్ ఇప్పించి జరిగింది చెప్పాడు. గాలి రాకపోయేసరికి నిజామాబాద్ నుంచి రాజారాం అనే మెకానిక్‌ను పిలిపించాడట. రాజారాం ఒక కొత్త డబ్బా తెచ్చి ఈ గదిలో పెట్టి, అన్న ఇంట్లోని ఫోను డబ్బా నుంచి మిద్దె మీదుగా తీగ లాగి దీనికి కలిపాడు. నెట్టు వచ్చింది. ఉత్తరాలు తెరుచుకున్నాయి, అమెరికా వార్తలు కూడా వస్తున్నాయి. రాజారాం పైసలు తీసుకుని పోయాడు. కానీ గోడకు అవతల ఇరవై అడుగుల దూరంలో ఉన్న ఫొటోల డబ్బా మాత్రం రాలేదు. పేరు నొక్కితే దొరకలేదని చూపిస్తుంది. అన్న తాళం వేశాడని రామ్‌దాస్ తేల్చుకున్నాడు.

డబ్బా దగ్గరికే పోయి పెళ్లి ఫొటోలను చిన్న పుల్లలో ఎక్కించి తెచ్చుకోవచ్చు కదా అన్నాను. పెన్‌డ్రైవ్ అనే పేరు నాకు అప్పుడు నోరు తిరగలేదు.

రామ్‌దాస్ గోడ వంక చూశాడు.

"తెచ్చుకోవచ్చు కాక. గని అడగాలె గద. అన్న ఇంట్ల లేకుంటె వదిననడగాలె. నీ కాయిదంల ఉమ్మడి అని ఉన్నది. అడిగి తెచ్చుకునేదాన్ని ఉమ్మడి అంటరా?"

అనరు.

అప్పుడు వకీలు రాసిచ్చిన నోటీసు చూపించాడు. సోమవారం పోస్టు చేయాలట. పంపకం చెల్లదనీ, గోడ తీయించాలనీ రాసి ఉంది. సాక్షుల్లో మొదటి పేరు నాదే. నర్సింలు, వయసు అరవై అయిదు అని ఉంది. నాకు అరవై మూడు. అదొక్కటి తప్ప మిగతాదంతా చక్కగా రాశాడు.

లేచి ఆత్మారాం ఇంటికి పోయాను. అవతలి గడపకు పోవాలంటే ఇప్పుడు వీధిలోకి దిగి మళ్లీ ఎక్కాలి. ఆత్మారాం భార్య రుక్మాబాయి మహారాష్ట్రలోని ధర్మాబాద్ మనిషి. మిరపకాయలకు తొడిమెలు తీస్తూ కూర్చుంది. నన్ను చూసి, సుతిలి మళ్లీ తెచ్చిండ్రా అని అడిగింది. తేలేదని చెప్పాను.

ఆత్మారాం నన్ను డబ్బా దగ్గరికి తీసుకుపోయాడు.

"తాళం నేనెయ్యలె కాక. తాళమెట్లెయ్యాల్నో నాకు తెల్వనే తెల్వది."

నిజమే చెబుతున్నాడనిపించింది. డబ్బా మీద తెల్ల పట్టీ అంటించి స్కెచ్ పెన్నుతో అంకెలు రాసి ఉన్నాయి. డబ్బా పెట్టిన హైదరాబాద్ మనిషి ఆ రోజు చెబితే రాసుకున్నాడట. 192.168.1.50. ఎందుకని అడిగితే తెలియదన్నాడు. అంకెలు కనిపిస్తే రాసుకోవడం నా అలవాటు. జేబులోని డైరీలో రాసుకున్నాను.

తీగ చూద్దామని మిద్దె ఎక్కాం. కిటికీలోంచి పైకి వచ్చిన తీగను పాత యాంటెన్నా గుంజకు కట్టి, అక్కడి నుంచి పిట్టగోడ మీదుగా రామ్‌దాస్ నీళ్ల ట్యాంకు స్తంభానికి కట్టారు. మనిషి ఎత్తున ఉంది, బిగుతుగా ఉంది. దాని మీద రెండు తువ్వాళ్లు, ఒక లంగా ఆరుతున్నాయి.

రామ్‌దాస్ అటువైపు మిద్దె ఎక్కి సిద్ధంగా ఉన్నాడు. ఆ తడిబట్టల వల్లనే తన గదికి ఫొటోలు రావడం లేదన్నాడు. రుక్మాబాయి కింది నుంచే జవాబు చెప్పింది.

"గా తీగ మా ఇంటి మీదికెల్లి పోతున్నది మరిదీ. నేను కిరాయి అడిగిన్నా? బట్టలైతె మస్తు ఆరుతున్నయ్."

తర్వాత మరాఠీలో ఏదో అంది. అది నాకు అర్థమైంది గానీ ఇక్కడ రాయను.

రుక్మాబాయిని పైకి పిలిచి బట్టలు తీయించాను. తీగను ఆమె చీర కొంగుతోనే తుడిపించాను. దిగి, వీధిలోంచి తిరిగి, రామ్‌దాస్ గదికి పోయి చూశాను. డబ్బా రాలేదు. బట్టల తప్పు లేదని తేలింది. వాటిని మళ్లీ ఆరేసుకోమని చెప్పలేదు. ఆమె అప్పటికే ఆరేసింది.

రాజారాంకు స్పీకరు పెట్టి ఫోను చేయమని రామ్‌దాస్‌తో అన్నాను. నెట్టు తేవడం తన పని, తెచ్చాను కదా, మిగతాది మీ అన్నదమ్ముల పంచాయితీ అన్నాడు రాజారాం. రామ్‌దాస్ బతిమాలితే, నీ కంప్యూటరుకు ఏం నంబరు వచ్చిందో చదువు అన్నాడు. రామ్‌దాస్ చదివాడు. 192.168.2.4.

మళ్లీ చదవమన్నాను. చదివాడు. డైరీ తీసి ఫొటోల డబ్బా నంబరు కింద ఇది రాశాను. మొదటి రెండు అంకెలు ఒకటే. మూడోది వేరు.

నలభై ఏళ్లుగా భూమి లెక్కల పహాణీలు చదువుతున్నాను. సర్వే నంబరు ఒకటే అయినా గీత పక్కన వేసే బై నంబరు వేరైతే అది వేరే చెలక. పేరు ఎక్కాలన్నా, శిస్తు కట్టాలన్నా వేరే. పక్కపక్కనే ఉండి, ఒకే గట్టును ఇద్దరూ తొక్కుతున్నా సరే.

"రామ్‌దాసూ, ఫొటోల డబ్బది ఒకటో బై నంబరు. నీ కంప్యూటరుది రెండో బై నంబరు. గీ రెండును ఎవలు వేరు చేసిండ్రు? నా కాయిదంలనైతె లేదు."

ఫోనులో రాజారాం నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. లైను పోయిందనుకున్నాం.

లైను పోలేదు. నేను చెప్పిందే నిజమని రాజారాం ఒప్పుకున్నాడు. కొత్త డబ్బా తనంతట తానే ఒక ఇంటి పెద్ద అనుకుని, దానికి కలిసిన కంప్యూటర్లకు సొంతంగా నంబర్లు పంచుతున్నదట. ఫొటోల డబ్బాను పేరుతో పిలిస్తే దాని వరుసలో ఉన్నవాళ్లకే పలుకుతుందట. కాబట్టి కొత్త డబ్బా నంబర్లు ఇవ్వడం మానాలి. విడిగా ఉన్న రంధ్రంలో పెట్టిన తీగను తీసి, వరుసగా ఉన్న నాలుగింట్లో ఒకదాంట్లో పెట్టాలి. అప్పుడు అందరికీ నంబర్లు అన్న ఇంట్లోని ఫోను డబ్బానే ఇస్తుంది.

"అయితె అన్న బంద్ చేస్తె నాది ఉత్త డబ్బనేనా?" అని అడిగాడు రామ్‌దాస్.

అంతే అన్నాడు రాజారాం.

రామ్‌దాస్ చేయి తీగ దాకా పోయి ఆగింది. నోటీసు బల్ల మీదే ఉంది. లింబయ్య మెట్టు మీది నుంచి లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. నాలుగు రోజుల్లో ఆయన ఇంట్లోకి రావడం అదే మొదటిసారట.

"బోరు మోటరు ఎవల మీటరు మీద నడుస్తున్నది?" అన్నాను.

లోపలి నుంచి రామ్‌దాస్ భార్య రేణుకమ్మ చెప్పింది.

"వాళ్ల మీటరు మీదనే. దినాం పొద్దుగాల అక్కా మోటరెయ్యి అని గోడకెల్లి నేనే కేకేస్త. గీ డబ్బకు సుత నన్నే కేకెయ్యమంటె వేస్త. ఆయనకు సిగ్గయితె ఇంట్ల కూసొమ్మను."

నేను ఈసారి రామ్‌దాస్ వైపు మిద్దె ఎక్కాను. ఆత్మారాం అటువైపు గుంజ పక్కనే ఉన్నాడు. దిగలేదు. ఇటువైపు మాటలన్నీ వినిపించినట్టే ఉన్నాయి. సంగతి చెప్పాను. అతను తీగ వంక చూశాడు.

"స్విచ్చి నేను బంద్ చెయ్య కాక. ఊరికి వొయినా బంద్ చెయ్య. గది సుత రాసుకో."

గట్టిగానే అన్నాడు. కింద కిటికీ తెరిచే ఉంది.

నేను దిగేసరికి రామ్‌దాస్ తీగను ఒక రంధ్రంలోంచి ఇంకో రంధ్రంలోకి మార్చి ఉన్నాడు. రాజారాం ఫోనులో ఒక్కొక్కటే చెబుతుంటే నొక్కుకుంటూ పోయాడు. డబ్బా దీపాలన్నీ ఆరి మళ్లీ వెలిగాయి. కంప్యూటరును ఆపి తెరిచాడు. చాలాసేపు పట్టింది. నంబరు చదవమన్నాను. 192.168.1.7. ఇక నేను తెర చూడాల్సిన పని లేదు. డైరీ మూసి జేబులో పెట్టాను.

ఫొటోల డబ్బా పేరు నొక్కితే పెళ్లిళ్లన్నీ ఊళ్ల పేర్లతో వరుసగా వచ్చాయి. ఇందల్వాయివి మూడు, డిచ్‌పల్లివి రెండు, జక్రాన్‌పల్లిది ఒకటి. రామ్‌దాస్ జక్రాన్‌పల్లిది తెరిచాడు. లింబయ్య కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. తలంబ్రాల ఫొటోలో పిల్లా పిల్లగాడు నవ్వుతున్నారు. వాళ్ల వెనక ఎర్ర కుర్చీలో లింబయ్య నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

లింబయ్య చాలాసేపు చూశాడు. అందులోంచి మనిషిని తీసేయడానికి వస్తుందా అని అడిగాడు. వస్తుందన్నాడు రామ్‌దాస్.

"మనిషిని తీసెయ్. కుర్చి ఉండనీ. కుర్చిలకు కిరాయి కట్టిన."

మిగిలింది కాగితం పని. తెల్ల కాగితం కావాలంటే రామ్‌దాస్ వెతికాడు, దొరకలేదు. బల్ల మీద నోటీసు ఉంది. వకీలు మంచి కాగితమే వాడాడు, వెనక వైపంతా ఖాళీగా ఉంది. రామ్‌దాస్ దాన్ని తిప్పి నా ముందు పెట్టాడు.

ఫొటోల డబ్బాకు మిద్దె మీది తీగే బాట, అది ఇద్దరిదీ అని రాశాను. ముందు గదిలో స్విచ్చిని ఏ కారణం మీదనైనా ఎవరూ ఆపకూడదని రాశాను. నంబర్లు అన్న ఇంటి డబ్బా ఇస్తుంది, తమ్ముని ఇంటి డబ్బా తీసుకుంటుంది, దీని వల్ల ఎవరి వాటా పెరగదు, తరగదు అని రాశాను. ఆఖరున రామ్‌దాస్ పట్టుబట్టి ఒకటి రాయించాడు. సదరు తీగ మీద ఎవరూ బట్టలు ఆరవేయరాదు.

గాలికి ఎగరకుండా కాగితం మీద ఇటుక పెల్ల పెట్టి పిట్టగోడ మీద ఉంచాను. అటు నుంచి అన్న, ఇటు నుంచి తమ్ముడు దస్తఖత్తు చేశారు. కింద నా పేరు రాసుకుని, పక్కన వయసు అరవై మూడు అని వేశాను.

ఉగాది దాటిన వారానికి చక్కెర ఫ్యాక్టరీ దిక్కు పని పడి బోధన్ పోయాను. వీధిలోంచి తల ఎత్తి చూశాను. గుంజ నుంచి స్తంభం దాకా తీగ నిండా బట్టలున్నాయి. పిట్టగోడకు అటువైపు రుక్మాబాయి చీరలు, ఇటువైపు రేణుకమ్మ చీరలు, నడుమ గోడకు సరిగ్గా పైన ఎవరిదో ఒక దుప్పటి.

కాగితం ప్రకారం తప్పు. రెండు ఇండ్లదీ తప్పే కాబట్టి ఫిర్యాదు చేసేవాళ్లు లేరు. నేను ఆగకుండా ముందుకు పోయాను.