గౌరవ్వను పిలువుండ్రి

ఆ రోజు కోరుట్ల ఇంట్లో సుధాకర్ రావు సారు, ఆయన కొడుకు రవీందర్ రావు, కోడలు ఉష, మనుమరాలు స్నేహ ఉన్నారు. వంటింట్లో పనిమనిషి బీర్పూరామె ఉంది. సారు కోసం బియ్యపు జావ కాస్తోంది. గరిటె తిప్పే చెయ్యి మాటిమాటికీ ఆగుతోంది; చెవులు ముందరి గదిమీదే ఉన్నాయి. ఇక లాభం లేదు, సారును ఇంటికి తీసుకపొమ్మని నిన్న జగిత్యాల దవాఖానలో చెప్పేశారు.

సన్నటి మనిషి. అంట్ల సబ్బుకు అరచేతులు పొరలు లేచిపోయాయి. బీర్పూర్ నుంచి కోడలిగా వచ్చిన నాటినుంచీ అత్తగారింట్లో, వాడకట్టులో, పనిచేసిన ప్రతి ఇంట్లో ఆమె బీర్పూరామే. మొగడు తాటిచెట్టు మీంచి పడినప్పుడు కూడా "బీర్పూరామె మొగడు పోయిండు" అనే అన్నారు.

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన సారు పోయిన వానకాలం ఒక పుస్తకం రాసేవారు. ఎక్కడో కెనడా పడమటి తీరాన, పడవల్లో తిమింగలాలను వేటాడిన జనం గురించి. ఆమె గది తుడుస్తుంటే చెప్పేవారు.

"ఓడల్ల వచ్చినోళ్లు వాళ్లకు నూట్కా అని పేరు పెట్టిండ్రు. రెండు వందల ఏండ్లు పుస్తకాలన్నిట్ల గదే రాసిండ్రు. మొన్నమొన్న వాళ్లే ఇంకో పేరు పెట్టుకున్నరు, నూచానుల్త్ అని. కొండల పొంటి, సముద్రం పొంటి ఉండేటోళ్లన్నట్టు. ఇప్పుడు వాళ్ల భాష మాట్లాడేటోళ్లు కొద్దిమంది ముసలోళ్లే మిగిలిండ్రు."

"అయ్యో! గన్నేండ్లు ఊకున్నరా సారూ?"

సారు పెన్ను ఆపారు. "నువ్వు ఊకోలేదా? నీ పేరేంది?"

ఆమె గుడ్డను బకెట్లో ముంచి, పిండి, మళ్లీ ముంచింది. "గౌరవ్వ. నలుగుట్ల గట్ల పిలువకుండ్రి సారూ. అమ్మగారు నవ్వుతరు."

ఆయన ఆమె మాట మన్నించారు. ఎవరూ లేనప్పుడే, "గౌరవ్వా, ఇంత చాయ్ పోస్తవా?" అనేవారు. ఆ చాయ్‌లో, డాక్టర్ వద్దన్నా, చక్కెర పడేది.

జావ దించుతుండగా ముందరి గదిలోంచి ఆ గొంతే వినిపించింది.

"గౌరవ్వను... పిలువుండ్రి."

ఆమె జావను గిన్నెలో వంచుకుని కదిలింది.

"గౌరవ్వ ఎవ్వలు?" అన్నాడు రవీందర్ రావు.

"మన ఇండ్లల్ల అవ్వ అని ఎవ్వలకు పెడ్తరు?" అంది ఉష. "సిరిసిల్ల గౌరీదేవి అత్తమ్మ కావచ్చు."

"అన్నాచెల్లెండ్లకు మాటలే లేవు గదా!"

"పోయేటప్పుడు అందరు యాదికొస్తరు. ఫోన్ చెయ్యుండ్రి."

ఆమె గుమ్మం దాకా వచ్చింది. "అమ్మా, గది..."

"జావ గక్కడ పెట్టు. నడిమిట్ల మాట్లాడకు."

"అత్తమ్మా, బాపు నిన్నే కలవరిస్తున్నడు," రవీందర్ రావు ఫోన్లో అంటున్నాడు. "కారు పంపిస్తున్న."

సిరిసిల్ల పోయి రావాలంటే ఎంత సేపు? సారు ఊపిరి ఒకటి తీసి, ఇంకోటి తీయడానికి చాలా ఆలస్యమవుతోంది. చెబితే ఏమనుకుంటారో? పనిమనిషి పేరు సారు నోట్లో ఎందుకుందని అడిగితే? పిలవొద్దని తానే అన్నది కదా. ఆ ఒక్క మాట అనకపోతే ఇల్లంతటికీ తెలిసేది.

"గౌర..." అన్నారు సారు.

"నేనేనమ్మా," అంది ఆమె. "గౌరవ్వను నేనే."

ఉష గిరుక్కున తిరిగింది. "నీకు బుద్ధున్నదా బీర్పూరామే? గిప్పుడా పరాష్కాలు, నవ్వులాటలు?"

"తాతయ్యా," అంది స్నేహ మెల్లగా. ఇంకోసారి, "తాతయ్యా!"

సారు కళ్లు గుమ్మం వైపే ఉన్నాయి. రెప్ప పడలేదు; ఇంకో ఊపిరి రాలేదు. గౌరవ్వ ఒక కాలు గడప దాటించింది.

"నువ్వు బయటుండు. సిరిసిల్లోళ్లు వస్తే చెప్పు," అని ఉష తలుపు మూసేసింది.

గడప ఇవతల సారు తోలు చెప్పులు, అయిదు వేళ్ల అచ్చులూ నల్లగా పడి, లోపలి వైపు తిరిగి ఉన్నాయి.