లోపలివైపు తాళంచెవి

మెట్ల మీది నూలు పీచును చీపురుతో పోగుచేస్తున్నాను. పై రూముల్లో ఉంటూ సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, పనిచేసేవాళ్ళ బట్టలకూ జుట్టుకూ అంటుకుని వచ్చే ఆ పీచు ఎంత ఊడ్చినా మళ్ళీ మూలల్లో చేరుతుంది. ఒకచోట గట్టిగా పట్టుకుపోతే కూర్చుని గోటితో గీకుతున్నాను. పక్కన పెట్టుకున్న ఫోన్ మోగింది.

"ఏందే, ఆ రూమ్ ముంగట గంతసేపు కూసున్నవ్?"

నా భర్త కమలాకర్. సూరత్ రింగ్ రోడ్ మార్కెట్‌లో చీరల దుకాణంలో పనిచేస్తూ ఫోన్‌లో నన్ను చూస్తుంటాడు.

"ఊడుస్తున్న."

"ఊడ్చేటోళ్ళు నిలబడి ఊడుస్తరు."

తలెత్తి చూశాను. మెట్ల మలుపులో గోడకు కెమెరా ఉంది. కిరాయికి ఉండేవాళ్ళ ఫోన్ ఒకటి పోయినప్పుడు బిగించాడు, మా బిల్డింగ్ భద్రంగా ఉండాలని. దొంగ మళ్ళీ రాలేదు. రోజంతా అందులో కనబడేది నేనే. నీళ్ళ మోటారు వేసేదీ, మెట్లు కడిగేదీ, ఎవరి కుళాయి కారుతున్నా ఎవరి బల్బు మాడినా వినేదీ నేనే. అయినా చుట్టాలొస్తే అత్తమ్మ కొమురవ్వ, "మా నీరజకేం పని? ఇంట్లనే ఉంటది" అంటుంది. తను కూరగాయలకు వెళ్ళేటప్పుడు నన్ను లోపలికి పిలిచి, మేముండే కింది వాటా ఇనుప జాలీ తలుపుకు బయటినుంచి తాళం వేస్తుంది. సూరత్ పెద్ద ఊరు, నా బాగుకేనట. పెళ్ళయి వచ్చిన కొత్తలో నిజమేననుకున్నాను. తర్వాత అలవాటైపోయింది. తాళం పడిన చప్పుడుకు కూరలో ఉప్పు వేసే చెయ్యి కూడా ఆగేది కాదు.

పై రూముల్లోనూ తాళాల అలవాటుంది. ఒకే రూమ్‌లో పగటిపాళీ వాళ్ళూ రాత్రిపాళీ వాళ్ళూ ఉంటారు. పొద్దున పనికి వెళ్ళేవాళ్ళు, లోపల పడుకున్నవాణ్ణి ఉంచి బయట తాళం వేసి పోతారు. లేకపోతే కారఖానా మేస్త్రి వచ్చి, మనిషి తక్కువున్నాడని నిద్రలో ఉన్నవాణ్ణి లేపుకుపోతాడు. తాళం కనబడితే వెనక్కి తిరుగుతాడు. అందరూ చేసేదే గనక ఎవరికీ తప్పనిపించలేదు. నాకూ అనిపించలేదు.

ఆ పొద్దున పీచు గీకుతూ ఉండగానే వాసన వచ్చింది. రబ్బరు కాలిన వాసన. రాత్రిపాళీ చేసొచ్చి పడుకునే పరుశురాం రూమ్ తలుపు కింది సందులోంచి పొగ సన్నగా వస్తోంది. బయట తాళం ఉంది. తలుపు బాదాను. పలకలేదు. చేతిలో ఫోన్ మళ్ళీ మోగింది.

"ఆ తలుపెందుకు కొడుతున్నవే? లోపట మొగోడు పండుకున్నడు గద! సిగ్గు లేదా?"

ఫోన్ కట్ చేసి కిందికి ఉరికాను. మెయిన్ స్విచ్ తీసేసి, వంటింట్లోంచి పచ్చడి నూరే రాయి పట్టుకుని మళ్ళీ ఎక్కాను. తాళం మీద ఎన్నిసార్లు కొట్టానో తెలియదు. తలుపు తెరుచుకునేసరికి పొగ ముఖాన కొట్టింది. చార్జర్ పెట్టిన బోర్డు కరిగి బొంత మీద పడి రాజుకుంటోంది. పరుశురాం లేవబోయి గోడకు ఆనుకుని దగ్గుతున్నాడు. రెక్క పట్టుకుని బయటికి లాగాను. వెనకనే అత్తమ్మ బకెట్‌తో వచ్చి బొంత మీద నీళ్ళు కుమ్మరించింది. ఆమె చేతికి కూరగాయల సంచీ వేలాడుతోంది. బయల్దేరబోతూ వచ్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే నేను జాలీ లోపల ఉండేదాన్ని. వాసన వచ్చేది. అంతే.

సాయంత్రం కమలాకర్ వస్తూనే, "తాళం పలగ్గొట్టినవట. తలుపు గూడ ఖరాబైంది" అన్నాడు.

గుమ్మంలో కూర్చున్న పరుశురాం గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "అన్నా, వదినె రాకుంటే నేను ఖతమైతుంటి."

"చార్జర్ పెట్టి పండుకుంటే గిట్లనే ఐతది."

అప్పుడు చెప్పాను. ప్రతి రూమ్‌కూ పొగ వస్తే మోగే అలారం పెట్టాలి. మనిషి లోపల ఉండగా బయట తాళం పడకూడదు.

"అలారం ఎందుకే? కెమెరా ఉంది గద."

"కెమెరాల నేను కనవడ్డ. పొగ కనవడలే."

కమలాకర్ నవ్వబోయాడు. "ఏంది, యూనియన్ పెట్టినవా?"

"అలారాలు వచ్చేదాంక మోటరు నువ్వే వెయ్యి. మెట్లు గూడ నువ్వే ఊడువు. నిలబడే ఊడువు."

మర్నాడు నేను మోటారు వెయ్యలేదు. నీళ్ళకోసం పైవాళ్ళంతా దుకాణానికే ఫోన్లు చేశారట. కమలాకర్ నాలుగు రోజులు ముఖం ముడుచుకుని తిరిగి, చివరికి అలారాలు తెచ్చి బిగించాడు. స్టూలెక్కి ఒక్కో అలారం కింద అగర్‌బత్తి పొగ పట్టి నేనే చూశాను. ఆ మోతకు రాత్రిపాళీ వాళ్ళు తిట్టుకుంటూ లేచి, నన్ను చూసి నవ్వేశారు. "వదినె, గీ మోతకు ఊర్ల మా అమ్మ గూడ లేస్తది!" ఇప్పుడు లోపల ఎవరైనా పడుకుంటే బయట గడియకు తాళం బదులు ఎర్ర చీరపేలిక కడుతున్నారు. అది చూసీ తలుపు కొట్టబోయిన మేస్త్రిని, చీపురు చేత్తోనే నిలబడి వెనక్కి పంపాను. కెమెరాను వీధి గుమ్మం వైపు తిప్పించాను.

జాలీ సంగతి మాత్రం అడగలేకపోయాను. కెమెరా తిప్పించిన రాత్రి అన్నం తింటూ అత్తమ్మే అంది, నావైపు చూడకుండా. "నేనొచ్చిన కొత్తల మీ మామ గూడ తాళమేసే పోయేటోడు. ఒకపారి పక్క గల్లీల అగ్గి వడ్డది. జాలీ వట్టుకొని మొత్తుకున్న. నా తెలుగు ఎవలకు సమజ్ కాలే."

పొద్దున నేను ఎల్లిపాయలు ఒలుస్తున్నాను. అత్తమ్మ సంచీ భుజాన వేసుకుంది. చెప్పులు తొడుక్కుంది. తాళం చేతిలో పట్టుకుని జాలీ దగ్గర కాసేపు నిలబడింది. నేను తలెత్తలేదు. చప్పుడు కోసం ఎదురుచూశాను.

ఆమె వెనక్కి వచ్చింది. తాళాన్ని గూట్లో పెట్టి, తాళంచెవిని మెయిన్ స్విచ్ పక్కన, నా చేతికందేంత ఎత్తులో ఉన్న మేకుకు తగిలించింది. జాలీని దగ్గరికి లాగి వెళ్ళిపోయింది.