పీట దిగని నీడ

మసాచుసెట్స్ తీరంలోని ఆ ఊళ్లో శనివారం పొద్దు గుంకితే చీపురు పట్టుకోకూడదు. విశ్రాంతి దినం మొదలైపోతుంది. అందుకని డోర్కస్ మధ్యాహ్నమే ప్రార్థన మందిరం ఊడ్చేస్తుంది. బెంచీలన్నీ తుడిచి, తప్పు చేసినవాళ్లను ఎక్కించే పీట మీద నిలబడి ఉన్న కెటూరా నీడ దగ్గరికొచ్చేసరికి "కాస్త జరుగమ్మా" అంటుంది. అది జరగదు. చుట్టూ ఊడ్చుకుని వెళ్లిపోతుంది.

అయిదేళ్ల కిందట కెటూరాను తెల్లదుప్పటి చుట్టి ఆ పీట ఎక్కించారు. మొగుడు రెండేళ్లుగా సముద్రం మీద ఉంటే ఒళ్లో పిల్ల ఎక్కడిదని. వెనక బెంచీలో చంటిది గుక్కపట్టి ఏడ్చింది. దుప్పటి ముందంతా పాలతో తడిసింది. ఊరంతా కళ్లప్పగించి చూసింది. "పశ్చాత్తాపపడుతున్నాను" అనమంటే అని, కెటూరా పీట దిగింది. నీడ దిగలేదు.

మరి శిక్ష అయిపోయినట్టా, కానట్టా? పెద్దలు ఎంత వాదించుకున్నా తేలలేదు. కెటూరాకీ తేలలేదు. నిన్న నవ్వుతూ పలకరించినవాళ్లే ఇవాళ మొహం తిప్పుకునేవాళ్లు. తను ఏం చేస్తే నవ్వుతారో, ఏం చేస్తే తిప్పుకుంటారో పాపం ఆమెకు అంతుపట్టేది కాదు.

ఒక శనివారం కెటూరా ఇంటి గుమ్మంలోకి సంఘపెద్ద ఒబదయా వచ్చాడు.

"నీ టామ్సిన్‌కి అయిదు నిండాయి కదా. ఇలాంటి పిల్లల్ని భక్తిగల ఇంట్లో పెంపకానికివ్వడం మన ఆచారం. పక్కూళ్లో ఇల్లు చూశాం."

"అయ్యగారూ, నా పిల్లండీ!"

"నేనేమన్నా రాయినా? రేపు ఆరాధన ముగిసేలోగా నీడ దిగితే దేవుడు క్షమించినట్టే. పిల్ల నీదే. దిగకపోతే సోమవారం బండొస్తుంది."

"ఎలా దించనండీ? బతిమాలాను, తిట్టాను, పట్టుకు లాగాను కూడాను."

"సరిగ్గా పశ్చాత్తాపపడు."

"సరిగ్గా అంటే?"

ఒబదయా టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం ప్రసంగం ముగియవస్తుండగా, ఆడది నోరెత్తకూడని ఆ చోట కెటూరా టామ్సిన్ చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది.

"మొగుణ్ణి మోసం చేశాను. అందుకు ఏడుస్తూనే ఉన్నాను. కానీ ఆ తప్పు చెయ్యకపోతే ఇది పుట్టేది కాదుగా! చెయ్యకుండా ఉండాల్సిందని అనుకుందామని రోజూ కూచుంటాను. దీని మొహం చూస్తే అనుకోలేను. పశ్చాత్తాపపడుతున్నానని ఆవేళ మీ ముందు అబద్ధమాడాను. ఇప్పుడేం చెయ్యమంటారో మీరే చెప్పండి."

"సిగ్గులేని మాటలు!" అంది డోర్కస్.

ఒబదయా మొహం కందగడ్డలా చేసుకుని లేచాడు. "దీనికి నరకం..."

అప్పుడు నీడ కదిలింది. మోకాళ్లు పట్టేసినదానిలా మెల్లగా పీట దిగింది. బెంచీల మధ్య నడుచుకుంటూ వచ్చి కెటూరా కాళ్ల దగ్గర పడుకుంది.

ఒబదయా చెవులతో విన్నది పాపం. కళ్లతో చూసింది క్షమాపణ. నీడ దిగడమే గుర్తని చెప్పింది తనే. అటూ ఇటూ చూశాడు, ఎవరూ సాయం రాలేదు.

"బండి వద్దని కబురు పెట్టండి" అని కూలబడ్డాడు.

బయట మంచు మీద ఎండ కాస్తోంది. నాలుగడుగులు నడిచాక టామ్సిన్ వెనక్కి చూసి తల్లి గౌను పట్టుకుంది.

"అమ్మా, నీ వెనకాల ఎవరో నల్లగా వస్తున్నారు."

"నేనేనే తల్లీ" అంది కెటూరా. తనను క్షమించారో లేదో ఇప్పటికీ తెలియక ఏడుస్తోంది.

టామ్సిన్ కాసేపు అనుమానంగా చూసింది. తర్వాత ఆ నీడ చెయ్యి కూడా పట్టుకుందామని మంచులోకి వంగింది.