రెండున్నర

మానుకోట బస్టాండు ఎదుట కల్యాణ్ నడిపే డీటీపీ షాపులో సుమ పనికి కుదిరి ఏడాది దాటింది. ఆమెది బయ్యారం దగ్గర తండా. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఏదిచ్చినా తప్పు పోకుండా కొట్టేది. కీబోర్డు మీద కనిపించని అర గుర్తు కావాలంటే ఆల్ట్ మీట నొక్కిపట్టి, కుడిపక్క అంకెల మీటలతో 0189 కొట్టాలి. తెలుగు ఫాంటులో ఉండగా కొడితే అది ఏదో వత్తుగా మారిపోతుంది కాబట్టి ఆ ఒక్కదానికి ఇంగ్లిషు ఫాంటు పెట్టాలి. ఇదంతా తనంతట తానే నేర్చుకుంది.

మిరప పూతకొచ్చిన రోజుల్లో ఒక పురుగుమందుల దుకాణంవాడు కరపత్రం ఇచ్చాడు. పూత రాలకుండా కొట్టే మందు పంపుకు ఎంత పోయాలో అందులో ఉంది. సుమ "2½ మి.లీ." అని కొట్టింది. కల్యాణ్ వచ్చి మొత్తానికీ తను తెచ్చిన కొత్త ఫాంటు వేయమన్నాడు. వేయగానే అర గుర్తు కాస్తా వత్తయి కూర్చుంది. ఆమె సరిచేయబోతే విసుక్కున్నాడు. కాగితాలు తీసుకెళ్లే బండి ఆగి ఉంది, ఒకటి బై రెండు అని కొట్టి పారేయమన్నాడు. సుమ రెండు తర్వాత కాస్త ఖాళీ వదిలి 1/2 కొట్టింది. ఆ ఖాళీతో లైను కిందికి జారింది. అదీ తీసేయమన్నాడు.

"అన్నా, గట్ల తీస్తే ఇరవై ఒకటి లెక్క కనిపిస్తది," అంది సుమ.

"నాకు చదువు చెప్పకు. కొట్టమన్నది కొట్టు."

తీసేసింది. అది 21/2 మి.లీ. అయింది. కాగితాలు అచ్చయి ఊళ్లకు పోయాయి.

కొద్ది రోజులకే ప్రేమ్‌సింగ్, అతని భార్య సక్రి షాపు ముందు దిగారు. సుమ తండావాళ్లే, వరసకు కాకా, కాకీ, అంటే బాబాయి, పిన్ని. వాళ్లు పంపుకు ఇరవై ఒక్క మిల్లీలీటర్లు పోశారు. గీత వెనకున్న రెండంటే రెండుసార్లు కొట్టాలేమో అనుకుని అదీ చేశారు. చేనంతా పూత రాలిపోయింది, ఆకులు ముడుచుకుపోయాయి. వాళ్ల వెనక అట్లాగే దెబ్బతిన్న రైతులు ఇంకొందరున్నారు. అచ్చేసినోళ్లనే అడగమని దుకాణంవాడు అందరినీ ఇటు తోలాడు.

కల్యాణ్ గొంతు పెంచలేదు. అందరికీ నీళ్లిప్పించి, సుమను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, అర గుర్తు కొట్టమన్నాడు. జరిగింది చెప్పడానికి సందు దొరికిందనుకుంది ఆమె. ఆల్ట్ నొక్కి అంకెలు కొట్టింది. తెర మీద ½ పడింది. పెద్దది చేయమన్నాడు. చేసింది.

కల్యాణ్ రైతుల వైపు తిరిగాడు. "చూసిన్రు గద. రాక కాదు. వచ్చు. వచ్చి గూడ కొట్టలే."

సుమ లేచి నిలబడింది. గుర్తు వద్దన్నదీ, ఖాళీ తీయించిందీ ఆయనేనని చెప్పింది. దొరికిపోయినవాళ్లంతా ఇట్లాగే అంటారని కల్యాణ్ నవ్వాడు. రైతుల్లో ఒకాయన నిజమేనన్నట్టు తలూపాడు.

ప్రేమ్‌సింగ్ తల దించుకుని బయటికి నడిచాడు. సక్రి మాత్రం దగ్గరికొచ్చింది.

"మన పిల్ల కొట్టిన కాయితమని ఇంకెవ్వల్నీ అడగలే బిడ్డా," అని, సుమ కాళ్ల ముందు ఉమ్మేసి వెళ్లిపోయింది.

అందరూ పోయాక కల్యాణ్ ఆమెను వెంటనే పొమ్మనలేదు. సరైన కరపత్రం కొట్టిచ్చి పొమ్మన్నాడు. మిగతా ఊళ్ల చేలైనా దక్కుతాయని సుమ కూర్చుని కొట్టింది. అచ్చయిన మొదటి కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి బాగుందన్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు.

సాయంత్రం బయ్యారం ఆటోలో తండా ఆడవాళ్లు ముందే ఎక్కి ఉన్నారు. సుమను చూసి ఖాళీగా ఉన్న చోట సంచులు పెట్టుకున్నారు. డ్రైవరు ఆమె మొహం చూడకుండానే ఇంకో ఆటో చూసుకోమని బండి కదిలించాడు.