రెండు పంపులు, ఒకే పొట్లం

ఆ ఉదయం అతని చేతిలో ఉన్న పెట్టుబడి ఇంతే: అణు విద్యుత్ కేంద్రంలో పెద్ద ప్రమాదం జరిగే అవకాశం ఎంతో లెక్కగట్టే ఉద్యోగం, కిరాణా కొట్టు నడిపిన తండ్రి నుంచి అబ్బిన అనుమానం, ఆ కేంద్రానికే పెద్ద అధికారి అయిన బావ. మరమ్మతులు అయిపోయాయి, సాయంత్రానికి రియాక్టరు మొదలుపెట్టాలని బావ తొందర. ఇతను సరేననడమే తరువాయి.

లెక్క చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కరెంటు పోతే రియాక్టరును చల్లబరచడానికి వేర్వేరు గదుల్లో రెండు పంపులున్నాయి. ఒకటి మొరాయించడమే అరుదు. అరుదును అరుదుతో గుణిస్తే, రెండూ ఒకేసారి చెడే అవకాశం సున్నాకు పిసరంత ఎడం.

అయినా సరుకు కళ్లతో చూడందే తూకం ఒప్పుకోని వంశం. పంపు గదికి వెళ్లాడు. ఫిట్టరు మురిసిపోతూ ఎదురొచ్చాడు.

"రెండిటికీ నీళ్లు కారకుండా కొత్త రబ్బరు సీళ్లు నేనే బిగించాను సార్. ఒకే పొట్లంలోంచి తీశా, ఒకే పూటలో కానిచ్చేశా. అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి చూడండి!"

అతనికి తండ్రి కొట్టు గుర్తొచ్చింది. బస్తాలోనే పురుగుంటే రెండు డబ్బాల్లో పోసినా పప్పు పుచ్చిందే కదా! తన లెక్కలో పంపులు రెండు. పొట్లం మాత్రం ఒక్కటే.

"బావా, రెండూ వేడినీళ్లతో తిప్పించు," అన్నాడు వెనకే వచ్చిన బావతో.

"పొద్దున్నే తిప్పాంరా. బంగారంలా తిరిగాయి."

"చన్నీళ్లతో, కాసేపే కదా? నిజంగా అవసరమైన రోజు వచ్చేవి వేడినీళ్లే."

"అరిగిపోతాయని ఎప్పుడూ అంతే తిప్పుతాం. నీ అనుమానం తగలెయ్య! మీ అక్క కాఫీ ఇచ్చినా చెంచాతో కెలికి చూసే రకానివి. ఇంత ఆపి ఏమీ కాకపోతే, నా పరువు నువ్వు తెచ్చిస్తావా?"

"ఈ గోడ పక్క క్వార్టర్లోనే మా అక్క ఉంటోంది బావా."

బావ పంపు తిప్పమని ఫిట్టరుకు సైగ చేశాడు.

పంపు మొదలైంది. గది ఉక్కిరిబిక్కిరిగా వేడెక్కింది. బావ గడియారం వైపు ఒకసారి, బావమరిది వైపు ఒకసారి చూస్తున్నాడు. ఇతను ఇరుసు మీంచి చూపు తిప్పలేదు. పంపు చెడాలని కోరుకోవాలా, బాగుండాలని కోరుకోవాలా? ఎటు మొగ్గినా నష్టమే.

ఇరుసు దగ్గర ఒక చుక్క నిలిచింది.

"చెమటేలే," అన్నాడు బావ.

చెమట ధారయింది. ధార చిమ్మింది. పంపు ఆపి రెండో గదికి పరుగెత్తారు. అక్కడా కాసేపటికి అదే చోట, అదే చుక్క. ఆ రబ్బరు వేడికి ఆగే రకం కాదు. ఫిట్టరు మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

సాయంత్రం రియాక్టరు చల్లగానే ఉంది. క్వార్టర్లో కాఫీ గ్లాసులు పెడుతూ అక్క గొంతు తగ్గించింది. "ఏరా, మీ బావ మొహం మాడ్చుకుని కూర్చున్నారు. ఏం నిర్వాకం చేశావ్?"

"ఏం లేదక్కా. ఒక బేరం చెడగొట్టాను."

 బావ ఒక చెంచా తీసి అతని గ్లాసు దగ్గరకు జరిపాడు.

పోయిన వాటిలో 'బంగారంలా తిరిగాయ'న్న బావ పరువుంది, తను నమ్మిన గుణకారం ఉంది. చేతికి దక్కినవి మెత్తబడిన సీళ్లు రెండు, చెంచా ఒకటి, వంటింట్లో ఇంకా సణుగుతున్న అక్క.