కాంగో రాజుగా నాగప్ప

నాగప్ప కారు తుడవడం ఎప్పుడూ పైకప్పు నుంచే మొదలుపెడతాడు. రాత్రి వీచిన ఎడారి గాలికి ఆ అరబ్బు ఊళ్ళో, అల్ తుమామా పేట అంతటా దుమ్ము పిండి జల్లించినట్టు పడింది. ఆ కారు యజమాని ఇంట్లో పదమూడేళ్ళుగా డ్రైవరు. ఈ సాయంత్రం విమానమెక్కితే మళ్ళీ రావడం లేదు. అయినా చెయ్యి ఊరుకోదు. చక్రాల సందుల్లో వేలు పెట్టి ఇసుక గీకుతున్నాడు. పెదవులు మాత్రం రాజుగారి మాటలు వల్లె వేస్తున్నాయి.

"రాజుగారూ, టీ!" వంటింటి తలుపులోంచి లూర్దమ్మ పిలిచింది. ఫిరంగిపురం మనిషి, ఆ ఇంట్లోనే వంట చేస్తుంది. "ఇంకా ఆ చక్రాలేంటన్నా?"

"రాజైతే బండి కడగగూడదా లూర్దమ్మా?"

శుక్రవారం. మూడింటికి చర్చీల కాంపౌండులో నాటకం. కట్టింది మకియెసె, పక్క విల్లా కాపలాదారు, కాంగో మనిషి. ఐదు వందల ఏళ్ళ కిందట వాళ్ళ రాజు, ఓడల్లో వచ్చిన పోర్చుగీసు పాదిరీల చేత బాప్తిస్మం పుచ్చుకున్న కథ. రాజు వేషం కట్టాల్సినవాడికి డ్యూటీ పడింది. దాంతో మకియెసె చూపు తాటిచెట్టంత నాగప్ప మీద పడింది.

కడప జిల్లాలో, సొంతూరి వీధినాటకంలో, నాగప్ప పాతికేళ్ళు తెర పట్టుకున్నాడు. రాజు వేషం ఎప్పుడూ వాళ్ళ అన్నదే. తెర వెనక ప్రతి పద్యమూ నాగప్ప నోట ఆడేది. తెర ముందు మాత్రం ఒక్కనాడూ నిలబడలేదు. అరవై దగ్గర పడ్డాక, సముద్రం దాటొచ్చాక, తిరిగిపోయే రోజున దొరికింది వేషం.

అదైనా తిన్నగా దొరకలేదు. పొద్దున్నే భార్య శివకుమారి ఫోనులో నిప్పులు చెరిగింది. "నెత్తిన ఆ నీళ్ళు పోయించుకున్నావంటే అంకాలమ్మ గుడి తొక్కేది లేదు, నా గడప అసలే లేదు!"

అటు చర్చి ఫాదరూ ఒప్పుకోలేదు. బాప్తిస్మమంటే ఆట కాదు, నీళ్ళు పోయొద్దన్నాడు. మధ్యాహ్నం స్టేజి పక్కన మకియెసె ఖాళీ చెంబు పట్టుకుని దిగాలుగా నిలబడ్డాడు.

"మోయ మాఫీ, నాగప్పా," అన్నాడు. నీళ్ళు లేవట. తక్కినదంతా వచ్చీరాని హిందీ. "నీళ్ళు లేకుండా ఆ సీను ఎందుకు? తీసేద్దాం."

ఆ సీను తీసేస్తే రాజుకు మిగిలేది కుర్చీలో కూర్చోవడమే. నాగప్ప చెంబు అందుకుని బోర్లించి చూశాడు.

"నీళ్ళు పోయించుకున్నాక మీ రాజు ఏమైనాడు?"

"పాదిరీలు ఒక్క పెళ్ళాన్నే ఉంచుకోమన్నారు. రాజు పాత దారి పట్టాడు. మతంలో నిలబడింది కొడుకు."

నాటకం చూడ్డానికి వెంట వచ్చిన లూర్దమ్మ పకపకా నవ్వింది. "మా రాజు ఒక్క పెళ్ళాంతోనే వేగలేకపోతన్నాడు!"

నాగప్పకూ నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ధైర్యమూ వచ్చింది. "మా ఊర్లో గుర్రం ల్యాకుండా సవారీ చేసినారు, కత్తి ల్యాకుండా తలకాయలు నరికినారు. నీళ్ళొక లెక్కా? నువ్వు వంచబ్బీ. తడిసేది నేను జూసుకుంటా."

మూడింటికి రాజు వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఖాళీ చెంబు ఆయన తల మీదికి ఒరిగింది.

నాగప్ప భుజాలు చటుక్కున ముడుచుకున్నాయి. చలి మెడ మీంచి వీపులోకి జారినట్టు వెన్ను వంకర తిరిగింది. కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టి, రెప్పల మీది నీటిని వేలితో తీసి విదిలించాడు. ముందు వరసలో ఒక కెన్యా ఆవిడ గౌను దులుపుకుంది. చప్పట్లు ఆగకముందే ఫాదరు గబగబా వచ్చి చెంబులోకి తొంగి చూశాడు.

లూర్దమ్మ ఫోనులో శివకుమారి అంతా చూసింది. "తడిసిపోతివి గదయ్యా!"

నాగప్ప బట్టతల ఫోనుకు ఆనించాడు. "సూడు మే. ఎండిన గుగ్గిళ్ళ చట్టి."

"మరి వణికినావే?"

"రాజు వణికినాడు. నేను గాదు."

"మీ అన్నకు యీపాటి రాదులే," అంది శివకుమారి మెల్లగా. "బిన్నే రా, ఆలీశం సేయగాకు."

టాక్సీ వచ్చింది. నాగప్ప వేషం విప్పి మడిచి మకియెసె చేతికిచ్చాడు. లూర్దమ్మ తల మీద చెయ్యిపెట్టి, ఊరికి కొన్న కొత్త చెప్పులేసుకుని ఎక్కి వెళ్ళిపోయాడు.

కుర్చీలు సర్దుతున్న మకియెసెకు స్టేజి మెట్టు పక్కన నాగప్ప విప్పి వదిలేసిన నల్ల డ్యూటీ బూట్ల జత కనిపించింది. కుడిదాని మడమ పెడలు నొక్కీ నొక్కీ ఒక పక్కకి అరిగిపోయింది. ఆటోమాటిక్ బండిలో పని లేని ఎడమది కొన్ననాటిలాగే నిగనిగలాడుతోంది.