గెలిచినవాళ్ల గుమ్మం

ఎన్నికల తేదీ వచ్చిందని రేడియోలో వినగానే వడ్రంగి చేసే మొదటి పని రంపానికి పదును పెట్టుకోవడం. ఆ పొద్దున కూడా కొట్టు ముందు పీట వేసుకుని, ఆకురాయితో రంపం పళ్లు రాస్తూ కూర్చున్నాడు. లోపల వాళ్లమ్మ ఎవరిమీదో కోపం గిన్నెలమీద తీర్చుకుంటోంది. భార్య నర్సు యూనిఫాం వేసుకుని, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని డ్యూటీకి బయల్దేరబోతూ అతని దగ్గర ఆగింది.

"ఈసారి ఎంత పెంచాల్సి వస్తుందంటారు?"

"నాకేం తెలుసు? మెజారిటీ ఎంతో కొయ్య అంత," అన్నాడు వడ్రంగి తలెత్తకుండా.

వాళ్లు మాట్లాడుకుంటున్నది ఎమ్మెల్యే ఆఫీసు గుమ్మం గురించి. ఆ నియోజకవర్గంలో ఎన్నిక గెలిచిన మనిషి ఫలితం చెప్పిన రోజునే పొడుగవుతాడు. ఎంత మెజారిటీ వస్తే అంత పొడుగు. ఓడిపోతే మళ్లీ మామూలు మనిషే. పిల్లలకి పళ్లు రావడం, ఊడడం ఎంత మామూలో అక్కడివాళ్లకి ఇదీ అంత మామూలు. కాకపోతే ప్రతి ఎన్నిక తర్వాతా ఆఫీసు గుమ్మం కొలత మార్చాలి. ఆ పని ముందు వడ్రంగి తాతది, తర్వాత నాన్నది, ఇప్పుడు ఇతనిది. నియోజకవర్గం చరిత్ర కావాలన్నవాళ్లు పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు, ఆ ద్వారబంధం ముందు నిలబడి కింది నుంచి పైకి చూసుకుంటే సరిపోతుంది.

మొట్టమొదట గెలిచింది లెక్కల మాస్టారు. మూరెడు పెరిగాడు. వాళ్లావిడ అది వాపు అనుకుని వైద్యుణ్ణి పిలిపించింది. తర్వాత నూనె మిల్లు యజమాని వేళ్లమీద లెక్కపెట్టేన్ని ఓట్లతో బయటపడ్డాడు కాబట్టి చెప్పు మందం కూడా పెరగలేదు. పరువు దక్కించుకోవడానికి అయిదేళ్లూ ఎత్తు మడమల బూట్లు వేసుకుని, కుంటుకుంటూ తిరిగాడు. ఆ తర్వాత ఒక వకీలు పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. ఎవరి మీద గెలిచాడని పెరుగుతాడు? పాపం, రోజూ పొద్దున్నే గోడకి ఆనుకుని కొలుచుకునేవాడట. అందరికంటే వడ్రంగి నాన్నని ఏడిపించింది మాత్రం లారీల ఆసామి. ఆయన గెలుపు మీద కోర్టులో కేసు పడింది. వాయిదా తనవైపు మొగ్గితే పెరిగేవాడు, అవతలివైపు మొగ్గితే కుంగేవాడు. గుమ్మం కోసీ అతికీ నాన్నకి తల ప్రాణం తోకకి వచ్చింది. చివరికి విసుగెత్తి, పైకొయ్యకి బోల్టులు బిగించి, కావలసినప్పుడు ఎక్కించుకోండి, వద్దనుకుంటే దించుకోండి అని దణ్ణం పెట్టి వచ్చేశాడు.

ఇక ఇప్పుడున్నాయన వరసగా మూడుసార్లు గెలిచాడు, ప్రతిసారీ అంతకు ముందుకంటే ఎక్కువ మెజారిటీతో. జనం ఆయన్ని స్తంభం గారు అంటారు. మొదట్లో చాటున అనేవారు, తర్వాత మొహం మీదే అన్నా ఆయనకి వినపడదని తెలిసిపోయింది. చెవులు అంత ఎత్తుకి వెళ్లిపోయాయి మరి. అర్జీ పెట్టుకునేవాళ్ల కోసం వడ్రంగి ముందు పీటలు చేశాడు, తర్వాత ఎత్తు బల్లలు చేశాడు, ఆఖరికి నిచ్చెనలు చేశాడు. స్తంభం గారికి పైనుంచి కనిపించేవి డాబాలు, నీళ్ల ట్యాంకులే కాబట్టి నియోజకవర్గంలో ప్రతి డాబాకీ రంగులు వేయించాడు. కింద మురుగు కాలవలు మాత్రం మూడు ఎన్నికల నాటి మురుగుతో అలాగే ఉన్నాయి.

ఆ స్తంభం గారి కన్ను ఇప్పుడు ప్రసూతి వార్డు మీద పడింది. వడ్రంగి భార్య పెళ్లికి ముందు నుంచీ పనిచేస్తున్నది అందులోనే. మనిషి చాలా పొట్టి, మొగుడి భుజానికి కూడా అందదు. అందరూ ఆమెని గుప్పెడు నర్సమ్మ అంటారు. చుట్టుపక్కల సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. ఆ వార్డు పడగొట్టి, ఆ స్థలంలో తన ఎత్తుకి తగ్గ కొత్త ఆఫీసు కట్టుకోవాలని స్తంభం గారి ఆశ. అందుకు ఎమ్మెల్యే సంతకం ఒక్కటి చాలు. ఎన్నికలు కాగానే పెట్టేస్తానని అందరికీ చెప్పేశాడు. కొత్త ఆఫీసు తలుపులన్నీ చేసిపెట్టమని వడ్రంగికి అప్పుడే కబురు కూడా వచ్చింది. వార్డు పోతే కాన్పుకి ఆడవాళ్లు కొండ దాటి వెళ్లాలి. వెళ్లే దారిలోనే ప్రాణాలు పోయినవాళ్ల పేర్లు నర్సమ్మకి తెలుసు. వార్డు కట్టకముందు అలా పోయినవాళ్లలో ఆమె కన్నతల్లి ఒకతె.

ఆ రోజు డ్యూటీ దిగి నర్సమ్మ ఎమ్మెల్యే ఆఫీసుకి వెళ్లింది. తన మొగుడు చేసిన నిచ్చెన ఆఖరి మెట్టు మీద మునివేళ్లపై నిలబడి గొంతు చించుకుంది.

"అయ్యా, వార్డు తీసెయ్యకండి! ఆడకూతుళ్లు చచ్చిపోతారు!"

స్తంభం గారు కిటికీలోంచి దూరంగా చూస్తూ నవ్వాడు. "చూశానమ్మా. పైనుంచి చూస్తే ఆ స్థలం చాలా బాగుంది."

నర్సమ్మ నిచ్చెన దిగి, ఇంటికి వచ్చి, సంచి మేకుకి తగిలించింది.

"నేను నిలబడతాను," అంది.

"ఎందులో?" అన్నాడు వడ్రంగి.

"ఎన్నికల్లో."

వాళ్ల అత్తగారు కూరగాయలు తరుగుతున్న చెయ్యి ఆపింది. "నువ్వు నిలబడినా కూర్చున్నా ఎవరికి తేడా తెలుస్తుందే, అమ్మాయ్?"

"అందుకే అత్తయ్యా, మీరు నా పక్కన నిలబడి అరవండి. మీ నోరు చాలు," అంది నర్సమ్మ. పెద్దావిడ మొహం చాటంత అయింది. ఆ క్షణం నుంచే ప్రచారం మొదలుపెట్టి, ముందు పక్కింటివాళ్ల మీద పడింది.

నర్సమ్మకి మైకూ లేదు, జీపూ లేదు. వీధి మలుపులో పీట ఎక్కి సన్నగా మాట్లాడేది. వినాలంటే దగ్గరికి రావాలి, వచ్చినవాళ్లని ఆమె గుర్తుపట్టేది. "నువ్వా? నువ్వు కాళ్లతో పుట్టావు, మీ అమ్మని ముప్పుతిప్పలు పెట్టావు. ఇప్పుడైనా కుదురుగా ఉంటున్నావా?" మీసాలు దువ్వుకుంటూ వచ్చిన లారీ డ్రైవర్లు కూడా సిగ్గుపడి నవ్వేవారు. స్తంభం గారు మాత్రం తన సభలో, "ఆవిడ ఎంత ఎగిరినా నా మోకాలి దాకానే వస్తుంది," అని జోకు వేశాడు. అనుచరులు పగలబడి నవ్వారు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు నవ్వలేదు, కానీ అంత ఎత్తు నుంచి ఆయనకి ఆ సంగతి కనపడలేదు.

నర్సమ్మ చుట్టూ జనం పెరుగుతున్నకొద్దీ వడ్రంగి గుండెల్లో ఒక భయం పెరగసాగింది. ఓడిపోతే వార్డు పోతుంది, ఆమె గుండె పగిలిపోతుంది. గెలిస్తే? తన చిన్నప్పుడు లెక్కల మాస్టారి భార్య కొట్టుకి వచ్చి, ఇంట్లో ఆయనతో మాట్లాడాలి, ఒక పీట చేసిపెట్టు నాయనా అని తాతని అడగడం అతను చూశాడు. పీట తీసుకుని వెళ్తూ ఆవిడ కళ్లు తుడుచుకుంది. మొగుడు పెళ్లాల మధ్య పీట వెయ్యాల్సి వస్తే ఇక ఆ కాపురమేమిటి?

ఒక సాయంత్రం అన్నం తింటూ ఉండబట్టలేక అడిగేశాడు. "గెలిస్తే నువ్వు నాకు అందుతావా?"

"ముందు గెలవనివ్వండి," అని అతని కంచంలో కూర వేసింది ఆమె. వేసిన కూర మీదే మళ్లీ వేసింది, అంటే ఆమెకీ అదే భయం అన్నమాట.

పోలింగ్ అయిపోయింది. లెక్కింపు రోజు పొద్దున నర్సమ్మ ఓట్లు లెక్కపెట్టే కాలేజీకి వెళ్లగానే వడ్రంగి సుత్తీ గునపమూ తీసుకుని తన ఇంటి గుమ్మం మీద పడ్డాడు. అక్కడివాళ్లు ఇళ్ల గుమ్మాలు సరిగ్గా నెత్తికి తగిలీ తగలనంత ఎత్తులో పెట్టుకుంటారు. అంతకు మించితే, వీడేమైనా ఎమ్మెల్యేనా అని నవ్వుతారు. ఇతనేమో పైకొయ్య ఊడబీకి, పైన గోడ పగలగొట్టి, కప్పు దాకా తెరిచేస్తున్నాడు. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది.

"ఒరేయ్, ఓట్లు ఇంకా లెక్కపెట్టనే లేదురా! ఓడిపోతే పరువు పోతుంది!" అంది వాళ్లమ్మ, దుమ్ముకి కొంగు అడ్డం పెట్టుకుని.

"ఓడిపోతే మళ్లీ మూసుకుంటానమ్మా. గెలిస్తే మాత్రం నా పెళ్లాం నా ఇంట్లోకి తల వంచుకుని రాకూడదు."

పెద్దావిడ చీపురు తీసుకుని ఇటుక ముక్కలు ఊడవడం మొదలుపెట్టింది.

కాలేజీలో మొదటి రెండు రౌండ్లూ స్తంభం గారివే. అక్కడ ఆయనకి దండలు కూడా సిద్ధం చేశారు. మూడో రౌండు బట్టల మిల్లు పనివాళ్లుండే పేటలది. ఆ పెట్టెలు తెరిచాక ఆయన మనుషులు దండలు బల్ల కిందకి తోసేశారు. ఆ తర్వాత అంతా నర్సమ్మదే. సాయంత్రం కాకముందే అధికారి బయటికి వచ్చి ఫలితం చదివాడు. ఆ నియోజకవర్గం పుట్టాక అంత మెజారిటీ ఎవరికీ రాలేదు.

చప్పట్లు ఇంకా ఆగకముందే నర్సమ్మ పెరగడం మొదలుపెట్టింది. తలుపు దాటింది, వరండా దాటింది, కాలేజీ గడియారం దాటింది. ఆమెతో పాటు యూనిఫాం కూడా మడతలు విప్పుకుంటూ పెరిగింది. ఆమె పక్కనే స్తంభం గారు బావిలోకి దిగే చేదలా సర్రున కిందకి జారి, మామూలు మనిషై, రోడ్డు మీద కాలు పెట్టి ముక్కు మూసుకున్నాడు.

"ఛీ ఛీ, ఏమిటీ కంపు?"

"మీ హయాంలోదేనండి," అని ఎవరో వినయంగా చెప్పారు.

ఆడవాళ్లు ఈలలు వేశారు, లారీలు హారన్లు కొట్టాయి, వడ్రంగి తల్లి ముక్కూ మొహం తెలియనివాళ్లని కూడా కౌగిలించుకుంది. గుమ్మం పని ముగించి, పనిముట్ల సంచి భుజాన వేసుకునే తల్లితో కాలేజీకి వచ్చిన వడ్రంగి మెడ నొప్పెట్టేదాకా పైకి చూశాడు. భార్య మొహం ఎక్కడో మబ్బు పక్కన కనిపించింది. గర్వమూ దుఃఖమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. పిలిచాడు. ఆమెకి వినపడలేదు.

అంతలో వార్డు నుంచి మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. బట్టల మిల్లు అమ్మాయికి పొద్దుటి నుంచీ నొప్పులు, తొలి కాన్పు, భయంతో బిగుసుకుపోయింది, నర్సమ్మే కావాలని ఏడుస్తోందట. ఆ కబురు పైకి చేరవెయ్యడానికి ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కారు. విన్నదే తడవు నర్సమ్మ నాలుగు అంగల్లో వార్డు ముందుకి చేరింది. జనం ఆయాసపడుతూ వెనకే వచ్చారు.

వార్డు గుమ్మం ఆమె చీలమండ దాకా ఉంది. వడ్రంగి సంచిలోంచి రంపం తీశాడు. "కొయ్యొద్దు," అన్నట్టు ఆమె చెయ్యి ఊపింది. ఇంతవరకూ ఏ ఎమ్మెల్యేకీ తోచని పని ఒకటి చేసింది. మోకాళ్లమీద కూలబడి, అక్కణ్ణుంచి బోర్లా పడుకుని, చెవి తీసుకెళ్లి కిటికీకి ఆనించింది. కాన్పులు చేసే మనిషికి వంగడం నామోషీ ఎందుకవుతుంది?

"అక్కా, భయంగా ఉందక్కా," అంది లోపలి అమ్మాయి.

"చెప్పమ్మా, వింటున్నాను."

ఆ అమ్మాయి తన భయాలన్నీ చెప్పుకుంది. చెప్పేకొద్దీ దాని ఊపిరి కుదుటపడింది, నర్సమ్మ మూరెడు తగ్గింది. ఇందాక మంచం పట్టీకి అందని కాళ్లు పొడుగై ఇప్పుడు అందేసరికి, ఆ పిల్ల పట్టీని తన్నిపెట్టి బలంగా ముక్కసాగింది. అది చూసి బయటివాళ్లు ఊరుకుంటారా? పదిహేనేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేని మాటలు ఉన్నాయి. కుట్టుపని చేసే ఆవిడ నీళ్ల సంగతి చెప్పింది, చెప్పుల కొట్టతను కాలవ సంగతి చెప్పాడు, ఒక ముసలాయన తన మోకాళ్ల నొప్పి గురించి చెప్పాడు. నర్సమ్మ ఒక్కొక్కరి మాటా విన్నది, విన్న ప్రతిసారీ కాస్త దిగింది. చెప్పుకుని వెళ్తున్నవాళ్లు ఇంకాస్త నిటారుగా వెళ్లారు. పొద్దు వాలేవేళకి ఆమె తలెత్తుకునే వార్డు గుమ్మం దాటి లోపలికి వెళ్లింది. కాసేపటికి పసిబిడ్డ ఏడుపు వినిపించింది, వాకిలంతా ఒక్కసారిగా హోరెత్తిపోయింది.

చేతులు కడుక్కుని ఆమె బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర వడ్రంగి ఒక్కడే మిగిలాడు. ఆమె ఇంకా అతని కంటే జానెడు ఎత్తుంది.

"అందరూ చెప్పుకున్నారు. మీరేం చెప్పరా?"

"మన గుమ్మం కొట్టేశాను," అన్నాడు వడ్రంగి తప్పు చేసినవాడిలా. "నువ్వు తల వంచకూడదని."

ఆమె పకపకా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఆ మాటతో మిగిలిన ఎత్తంతా దిగి, ఎప్పటిలాగే అతని భుజం కిందకి వచ్చి ఆగింది. ఇద్దరూ నడుచుకుంటూ ఇంటికి వెళ్లి, ఆ ఏనుగంత గుమ్మంలోంచి చెయ్యీ చెయ్యీ పట్టుకుని లోపలికి నడిచారు.

మర్నాడు పొద్దున ఎమ్మెల్యే సంతకం పడింది, వార్డు కూల్చడం రద్దని. వడ్రంగి కూడా పెద్ద తలుపుల పని రద్దయిందని, ఇక ఎవరి గుమ్మాలూ పెంచేది లేదని తీరిగ్గా లేచాడు. తలుపు తీసి చూస్తే కొట్టు ముందు వీధి చివరిదాకా జనం. ప్రతివాళ్ల నుదుటి మీదా ఉసిరికాయంత బొప్పి. ఒక్కడి మొహంలోనూ విచారం లేదు.

"ఏమైందండీ?" అన్నాడు కంగారుగా.

"ఏముంది, పొద్దున్నే లేచి బయటికి వస్తుంటే గుమ్మం తగిలింది," అంది అందరికంటే ముందున్న కుట్టుపని ఆవిడ, బొప్పి తడుముకుంటూ గొప్పగా. "అందరికీ ఇళ్లు చాలడం లేదు. పైకొయ్యలు పెంచాలి."

వడ్రంగి టేపు తీసుకుని ఆవిడ నెత్తి మీద పెట్టబోయాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని పైకి, ఇంకా పైకి జరిపింది.

"ఇవాళ్టికి సరిపడా కాదు నాయనా. వచ్చే ఎన్నికలు కూడా చూసుకుని పెట్టు."